జవాబు రాకపోతే సరేనన్నట్టే

చంద్రరావు నోట్లో బ్రష్షు పెట్టుకుని, పెరటి గట్టు మీద కూర్చుని, ఇవాళ పోబోయే పేర్లు చదువుకుంటున్నాడు.

ప్రింటరులోంచి తెంచకుండా తెచ్చిన కాగితం ఒళ్ళోంచి పాదాల దాకా చీర కుచ్చెళ్ళలా జారి ఉంది. వరసకో పేరు, ప్రతి పేరు చివరా డాట్ కామ్. ఎవరో ఎక్కడో ఒకప్పుడు ముచ్చటపడి, ఏడాదికింతని కట్టి ఇంటర్నెట్లో పెట్టుకున్న పేర్లు. కట్టడం మానేస్తే గడువు తీరిపోతుంది. తీరగానే పోవు. కొన్నాళ్ళు పాత యజమాని కోసం ఎదురుచూస్తాయి. ఆ తర్వాత కొన్నాళ్ళు జరిమానా కడితే లేచి కూర్చుంటాయి. ఆ పైన ఎవరేడ్చినా రావు. ఒక రోజు రాలిపోతాయి. రాలినదాన్ని ముందు ఎవరు పట్టుకుంటే వాళ్ళది. మనిషి పోయాక పెద్దకర్మ దాకా ప్రాణం ఇంటి చూరు పట్టుకుని ఉంటుందంటారు కదా, ఇదీ అంతేనని చంద్రరావు నమ్మకం. మనిషి ప్రాణం విషయంలో మాత్రం చూరు కింద సంచి పట్టుకుని ఎవరూ నిలబడరు.

నురగ ఉమ్మేసి, "అరటిగెల డాట్ కామ్," అన్నాడు పైకి.

వంటింట్లోంచి అతని భార్య వెంకటదుర్గ, "అరటిగెల డాట్ కామ్," అంది.

"కోస్టల్ ఆగ్రో ఇన్‌పుట్స్ డాట్ కామ్."

వంటింట్లో పోపు చిటపటలు తప్ప ఏమీ వినిపించలేదు. చంద్రరావు ఆ పేరు కొట్టేశాడు. అది అతని పద్ధతి. ఒకసారి చెవిన పడితే చాలు, ఆవిడ పోపు వేస్తూ కూడా తిరిగి చెప్పగలిగిన పేరే కొనదగ్గ పేరు. అమెరికాలో ఈ పనికి పెద్ద పెద్ద ప్రోగ్రాములు రాయించుకుంటారట. అతనికి వెంకటదుర్గ ఉంది.

"ఇవాళ ఎవరెవరు పోతున్నారేంటి?" అంది ఆవిడ కాఫీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చి.

"చాలామందే."

"పళ్ళు తోముకుంటూ చావుకబుర్లు చదివే మొగుడు పాలకొల్లు మొత్తానికీ నాకొక్కదానికే దొరికాడండీ. ఇదిగో, ఇది కూడా చల్లారకముందే తాగండి."

కాఫీ తాగి, చొక్కా వేసుకుని బయల్దేరాడు. మనిషి పొడుగు. మెడ దగ్గర కొంచెం వంగి ఉంటాడు గానీ కుర్చీలో కూర్చోగానే వెన్ను నిటారుగా లేస్తుంది, మోచేతులు పక్కలకి అతుక్కుంటాయి. వేళ్ళ చివర్లు నలగ్గొట్టిన అప్పడాల పిండిలా బల్లపరుపుగా ఉంటాయి. జీవితమంతా టైపు నేర్పినవాడి వేళ్ళవి.

కాలవ గట్టున ఎరువుల కొట్టు మీద గది అతనిది. ఒకప్పుడు 'శ్రీ కమల టైపురైటింగ్ ఇన్‌స్టిట్యూట్'. పాలకొల్లు చుట్టుపక్కల గవర్నమెంటు ఆఫీసుల్లో కూర్చున్న సగం మందికి ఎడమచేతి చిటికెనవేలు 'ఎ' మీద పెట్టాలని నేర్పింది అతనే. తర్వాత కంప్యూటర్లొచ్చాయి. టైపు మిషన్లు పాత ఇనపసామాను వాడి తోపుడుబండి ఎక్కి వెళ్ళిపోయాయి. బండి సందు మలుపు తిరిగేదాకా, కుదుపుకి వాటిలో ఏదో ఒకటి 'టింగ్' మంటూనే ఉంది. మూడు కంప్యూటర్లు, మధ్యన ప్లైవుడ్ గోడలు, పచ్చ కర్టెన్లు, బోర్డు మీద పాత పేరు పక్కన 'ఇంటర్నెట్' అని కొత్త రంగు. ఇంటర్మీడియట్ ఫలితాల రోజు జాతర. మిగతా రోజుల్లో పిల్లలు కర్టెన్ వేసుకుని చూసేవేవో చూసి, తలదువ్వుకుని వెళ్ళిపోయేవారు.

ఏదో పత్రికలో చదివాడు, విదేశంలో ఒకడు రాలిపోయిన పేరొకటి ఏరుకుని పెద్ద కంపెనీకి అమ్మాడని. టైపు పరీక్షలు పోయాక చేతులు ఖాళీగా ఉన్న మనిషి. ఆ రోజు నుంచి పేర్లు ఏరడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళలో తణుకు కళ్యాణమండపం వాళ్ళకొకటి, విత్తనాల కంపెనీకొకటి అమ్మాడు. మిగతావి ఉన్నాయి. "మా ఆయనకి ఊళ్ళో సెంటు స్థలం లేదు గానీ, లేని ఊళ్ళో బోలెడు స్థలాలున్నాయి," అంటుంది వెంకటదుర్గ, ఎవరైనా ఆస్తుల ఊసెత్తితే.

ఒక సంగతి మాత్రం అతనికి ఎవరూ ముందు చెప్పలేదు. పేరు కొంటే, ఆ పేరుకొచ్చే ఉత్తరాలు కూడా కొన్నవాడికే వస్తాయి.

మూతపడిన దంతవైద్యశాలకి పంటినొప్పి వాళ్ళు ఇంకా రాస్తూనే ఉన్నారు. పెళ్ళి ఫొటోల కోసం ఒక జంట పెట్టుకున్న పేరుంది. వాళ్ళు విడిపోయారు గానీ, ఏటా పెళ్ళిరోజు దీవెనలు తప్పకుండా వస్తాయి. పోయిన పెద్దమనిషి ఒకాయనకి బ్యాంకువాళ్ళు పుట్టినరోజు నాడు నిండు నూరేళ్ళూ బతకాలని రాస్తారు. అవన్నీ వచ్చి చంద్రరావు పెట్టెలో పడతాయి. పరాయి ఉత్తరాలు చదవకూడదని అతని నియమం. కానీ రాసిందెవరో, మొదటి వాక్యం ఏమిటో తెర మీద వాటంతటవే కనిపిస్తాయి. కళ్ళు మూసుకుని టైపు చెయ్యడం ఊరందరికీ నేర్పాడు గానీ, కళ్ళు తెరిచి చదవకుండా ఉండటం అతనికే చేతకాలేదు.

వాటిలో ఒక పేరు, 'వశిష్ఠ ప్రాన్స్ డాట్ కామ్'. దుర్గాప్రసాదరాజు గారి రొయ్యల వ్యాపారం పేరది. ఆయన పెద్ద చెరువు గట్టు మీద, నీళ్ళకి గాలి కొట్టే ఏరేటరు సరిచేస్తూ గుండె పట్టుకుని, అలాగే నీళ్ళలోకి జారిపోయారు. వ్యాపారం మూశారు. పేరుకి డబ్బు కట్టాలన్న మాట ఎవరికీ తోచలేదు, పేరు రాలింది. ఎప్పటికైనా వాళ్ళవాళ్ళే కొనుక్కుంటారని చంద్రరావు పట్టుకున్నాడు.

పట్టుకున్న మర్నాడే, రాజుగారి భార్య సుబ్బాయమ్మ గారు మెరిసే కళ్ళతో మెట్లెక్కి వచ్చింది. ఒకప్పుడు కర్టెన్ కట్టిన రిక్షాలో వచ్చి ఈ గదిలోనే టైపు హయ్యర్ ప్యాసైన మనిషి. పెళ్ళయ్యాక రొయ్యల వ్యాపారం ఉత్తరాలన్నీ ఆవిడే కొట్టేది. భర్త పోయినా, కారు కింద ఆపించి, రెండో నంబరు క్యాబిన్లో కూర్చుని ఆయన అడ్రసుకే ఉత్తరాలు రాస్తోందని చంద్రరావుకి అంతవరకూ తెలియదు.

"మాస్టారండీ, ఇన్నాళ్ళూ నేను రాసినవి రాసినట్టే తిరిగొచ్చేసేవండి. అలాంటి మనిషే లేడని ఇంగ్లీషులో ఒక ముక్క తగిలించి. నిన్నటి నుంచి రావట్లేదండి. అందుతున్నట్టే కదండీ?"

నేనే కొన్నానమ్మా అని చెప్పడానికి నోరు తెరిచాడు. ఆ ముఖం చూశాడు. "అందే ఉంటాయమ్మా," అన్నాడు.

ఆ వారంలోనే వచ్చిందా ఉత్తరం. తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో. ప్లైవుడ్ అవతల ఆవిడ వేళ్ళ చప్పుడు ఆగడం, అమెరికా దాకా పోయి తిరిగొచ్చిన ఉత్తరం ఇవతల అతని తెర మీద దిగడం, రెంటికీ మధ్య ఊపిరి తీసుకునేంత సేపు. 'ఏవండీ, నేను కూడా మీ దగ్గరికి వచ్చెయ్యనా? ఊళ్ళకి తిరిగినప్పుడు మీ అలవాటే కదా, జవాబు రాకపోతే సరేనన్నట్టే. పెద్ద చెరువు నీళ్ళు తీయించకుండా అలాగే ఉంచాను.'

చంద్రరావు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఆవిడ లేచి బ్యాగు సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. రాజుగారి పేరు మీద, రాజుగారి అడ్రసు నుంచి, గబగబా కొట్టి పంపాడు. 'ఇప్పుడు కాదు.'

ప్లైవుడ్ అవతల బ్యాగు మళ్ళీ బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

అప్పట్నుంచీ ఆవిడ రోజూ అడుగుతుంది. అతను రోజూ కాదంటాడు. ఒక్క రోజు అనకపోతే ఔనన్నట్టే. అందుకని చంద్రరావు సెలవన్న మాట మరిచిపోయాడు. బావమరిది గృహప్రవేశానికి వెళ్ళలేదు. జ్వరంలో దుప్పటి కప్పుకుని వచ్చి కూర్చున్నాడు. ఒకసారి కేబులు తెగి నెట్టు పోతే, కింద కారు దాకా వానలో పరిగెత్తి, "అమ్మా, మీరు రాసింది అసలు పోనేలేదు. పోలేదు కాబట్టి జవాబూ రాలేదు. తెలిసిందా?" అని మరీ మరీ చెప్పి వచ్చాడు. ఎరువుల కొట్టతను ఆ మాటలు విని, మాస్టారికి వయసు మీద పడుతోందనుకున్నాడు.

*

గది తాళం తీసి, అగరొత్తి వెలిగించి, పేర్ల పెట్టె తెరిచేసరికి అతను ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన ఉత్తరం వచ్చి ఉంది. విశాఖపట్నంలో కొత్తగా పెడుతున్న ఎగుమతి కంపెనీ తరఫున ఎవరో రాశారు. ఒక పేరు కావాలి. ఎంతిస్తారో కూడా రాశారు. చంద్రరావు ఆ అంకె మీద వేలు పెట్టి సున్నాలు తడిమి చూశాడు. వాళ్ళకి కావలసిన పేరు వశిష్ఠ ప్రాన్స్.

సెల్‌ఫోను మోగింది. హైదరాబాదు నుంచి బావమరిది గణేష్‌బాబు. పేర్లకి డబ్బు కట్టేది అతని కార్డు మీదే కాబట్టి అలాంటి ఉత్తరాల నకలు అతనికీ పోతుంది.

"బావగారూ! చూశారా? చూశారా అండీ? ఇన్నేళ్ళకి చేపకాదు, రొయ్య పడిందండి!"

"చూశాను గణేషూ."

"మరి కొట్టెయ్యండి ఓకే అని. ఇవాళ సాయంత్రం దాకానేనంట. జవాబివ్వకపోతే వద్దన్నట్టేనంట, వేరే పేరు చూసుకుంటారంట."

"అలాగంటారా వాళ్ళు," అన్నాడు చంద్రరావు. ఒకే మౌనానికి ఒకళ్ళ దగ్గర ఔనని, ఇంకొకళ్ళ దగ్గర కాదని అర్థమైతే, మధ్యలో కూర్చున్నవాడు ఏం కావాలో అతనికి తోచలేదు.

"అదేంటండీ అంత నీరసంగా? బావగారూ, అక్కకి పంటి సెట్టు కట్టించొచ్చు. ఆ ప్లైవుడ్ పీకేసి ఏసీ పెట్టించుకోవచ్చు. ఆ రొయ్యల పేరుని దాచుకుని ఏం చేస్తారండీ, పులుసా?"

"భోంచేసి చెబుతాను," అన్నాడు.

మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. ఇంటికి వెళ్ళి పీట మీద కూర్చున్నాడు. వంకాయ బజ్జీ, చారు. అన్నం కలుపుతూ, ఎన్నాళ్ళగానో మింగిన సంగతంతా భార్యతో చెప్పేశాడు. వెంకటదుర్గ విసనకర్ర ఆపి వింది.

"పోయినాయన పేరు పెట్టి జవాబు రాస్తే పాపమంటావా?" అన్నాడు చివరికి.

"ఏం రాశారు?"

"ఇప్పుడు కాదని."

"అబద్ధమైతే కాదుగా." విసనకర్ర మళ్ళీ కదిలింది. "ఆ పేరు అమ్మేస్తే?"

"ఉత్తరాలు విశాఖపట్నం పోతాయి."

"వాళ్ళు జవాబు రాయరా?"

"రాస్తారు. కేజీకి ఎన్ని రొయ్యలు తూగే కౌంటు కావాలని రాస్తారు."

వెంకటదుర్గకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఆగిపోయి, భర్త కంచం వంక చూసింది. "ఏంటండీ, సగం అలాగే ఉంచేశారు?"

"గ్యాసులా ఉంది. ఇక్కడ పట్టేసినట్టుంది." ఎడమ భుజం చూపించాడు. "నాకేదైనా ఒంట్లో బావుండకపోతే ఒక్కరోజు నువ్వెళ్ళి రాస్తావా?"

"ఇప్పుడు కాదు అన్న ముక్కేగా, రాస్తాను లెండి. మీతో రోజుకి పదిసార్లు అనే ముక్కేగా అది." వాము నలిపి చేతిలో పెట్టింది. "ఇవాళ పడుకోండి. నేనే వెళ్తాను."

"అబ్బే, ఇవాళ కాదు," అన్నాడు చంద్రరావు చెప్పులేసుకుంటూ. "ఇవాళ రాజుగారి తద్దినం."

*

సుబ్బాయమ్మ గారు వచ్చేసరికి గదిలో పట్టపగలే లైటు వెయ్యాల్సొచ్చింది. కిటికీ అవతల కాలవ, వాన, ఆకాశం ఒకే రంగులో కలిసిపోయి ఉన్నాయి. ఆవిడ లేత బూడిదరంగు వాయిలు చీర కట్టుకుంది. మణికట్టుకి మగవాళ్ళ గడియారం, ఒదులై చేతి మీదకి జారుతోంది.

"తద్దినం వంటలయ్యి, భోక్తలు లేచేసరికి ఈ వేళైందండి మాస్టారండీ. గారెలు మీకు తేకూడదు గానీ, లేకపోతే తెచ్చేదాన్ని."

"అయ్యో, వద్దమ్మా. తడిశారా?"

"మీరే తడిశారండి. మొహం అలా ఉందేంటి? పాలిపోయింది."

"వంకాయ బజ్జీ అమ్మా."

"మా రాజుగారూ అలాగే అనేవారండి, ప్రతిదానికీ వంకాయ మీదే తోసేసేవారు." ఆ మాట అని, పచ్చ కర్టెన్ పక్కకి తీసింది. "రెండో నంబరు ఖాళీయేనా?"

"అది మీదే కదమ్మా."

"మీటలు చూడకుండానే కొడతానండి. స్కేలు తియ్యకండి," అని నవ్వుతూ లోపలికి వెళ్ళింది.

ఇంకెవరూ లేరు. వానకి పిల్లలెవరూ రాలేదు. చంద్రరావు తన బల్ల ముందు కూర్చుని, నడుం నిటారుగా చేసుకుని, రాజుగారి పెట్టె తెరిచి పెట్టుకున్నాడు. తెర మీదే పక్క కిటికీలో విశాఖపట్నం వాళ్ళ ఉత్తరం తెరిచే ఉంది. ప్లైవుడ్ అవతల వేళ్ళ చప్పుడు మొదలైంది. తడబాటు లేని చప్పుడు. ఈ గదిలో పుట్టి, ఈ గదిలో పెరిగిన చప్పుడు.

కరెంటు పోయింది. ఫ్యాను కిర్రుమని ఆగింది. లైటు ఆరింది. అతని తెర, రెండో నంబరు తెర మాత్రం బ్యాటరీ మీద నీలంగా వెలుగుతున్నాయి. ఫ్యాను హోరు పోయేసరికి వేళ్ళ చప్పుడు పెద్దదైంది. వింటూ ఉండగా అది ఒక్క మనిషిది కాదనిపించింది. మూల నుంచి ఒకటి, కిటికీ పక్కనుంచి ఒకటి, వెనక బల్ల నుంచి ఇంకొకటి. ఇనపసామాను బండెక్కిన మిషన్లన్నీ వాటి వాటి చోట్లలో కూర్చుని కొడుతున్నట్టు. వరస చివర ఎక్కడో 'టింగ్' మంది. చంద్రరావు వెనక్కి తిరిగి చూశాడు. ప్లైవుడ్, చీకటి, గోడకి దేవుడి పటం. అంతే.

చప్పుళ్ళన్నీ ఒక్కసారి ఆగాయి. ఉత్తరం దిగింది.

'ఏవండీ, ఇవాళ మీ తద్దినం బాగా జరిగింది. మీ తమ్ముడు శ్రీనివాసరాజు రెండు వాయిల గారెలు తిని మీకోసం ఏడ్చాడు. ఏ వాయికి ఏడ్చాడో నేను గమనించలేదు. కొబ్బరి దింపు తీయించాను. పాలేళ్ళందరికీ బట్టలు పెట్టాను. ఇంట్లో నా వల్ల ఆగే పని ఏదీ లేదు. పెద్ద చెరువు నిండుగా ఉంది. రోజూ ఇప్పుడు కాదంటారు. ఇదే ఆఖరు, మళ్ళీ అడగను. ఇవాళ ఇంటికి పోతూ గట్టు మీద కారు ఆపించమంటారా? జవాబు రాకపోతే సరేనన్నట్టే.'

చంద్రరావు ముందు విశాఖపట్నం కిటికీ మూసేశాడు. అందులో పెద్దగా ఆలోచించవలసింది కనిపించలేదు. రాజుగారి పెట్టెలో జవాబు మొదలుపెట్టాడు. 'ఇప్పుడు కాదు.' చుక్క పెట్టాడు. బొటనవేలితో రెండుసార్లు ఖాళీ కొట్టాడు. ఆఖరుసారి అంది కాబట్టి ఇవాళ ఆ రెండు ముక్కలూ చాలవు. ఇంకేదైనా రాయాలి. ఇంక అడగక్కర్లేకుండా, ఊరికే ఉండిపోయేలా. అలాంటి మాట ఏముంటుందో తట్టలేదు. భుజం మీది బరువు చెయ్యంతా దిగి చిటికెనవేలి దాకా వచ్చింది. కాసేపు కళ్ళు మూసుకుందామనుకున్నాడు. ఇది పంపించాక మూసుకుందామనీ అనుకున్నాడు. రెండూ ఒకేసారి అనుకోవడం వల్ల, తేలికైనదే ముందు జరిగింది.

అవతల సుబ్బాయమ్మ గారు ఎదురుచూసింది.

జవాబు రాసేది ఎవరో ఆవిడకి దాదాపు మొదట్నుంచీ తెలుసు. మొదటిరోజు రెండు ముక్కల్లో పోల్చుకోలేదు. మర్నాడు 'ఇప్పుడు కాదు.  పనులున్నాయి.' అని వచ్చింది. చుక్క తర్వాత రెండు ఖాళీలు. పాలకొల్లులో చుక్క తర్వాత రెండుసార్లు బొటనవేలు కొట్టమని స్కేలు పట్టుకుని నేర్పినవాడు ఒక్కడే. ఆవిడ భర్తయితే చుక్కే పెట్టేవాడు కాదు. ఒక్క చూపుడువేలితో, అన్నీ పెద్దక్షరాలే కొట్టుకుంటూ పోయేవాడు, కేకేసినట్టు. తెలిసినా ఆవిడ ఆపలేదు. ఎవరు చెబితేనేం, కాదన్న మాట కాదన్న మాటే కదా అనుకుంది. రోజుకొకసారి ఎవరో ఒకరు వద్దనేవాళ్ళుంటే, ఆ రోజుకి గట్టు పక్కనుంచి కారు ఆగకుండా పోయేది. ఆ ఒక్కరూ అనని రోజున ఇంక అనేవాళ్ళెవరూ లేనట్టేనని తనకి తనే ఒట్టు పెట్టుకుంది.

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. తెర ఖాళీగా ఉంది. బ్యాటరీ కూత పెట్టడం మొదలుపెట్టింది. ఆవిడ గడియారం పైకి లాక్కుంది. సరే అనుకుంది. మనసులో పెద్ద కల్లోలమేమీ లేదు. స్టేషన్లో బండి ప్లాట్‌ఫారం మీదకి వస్తున్నప్పటి తొందర ఒకటే. బ్యాగు భుజాన వేసుకుని లేచింది.

అప్పుడు దిగింది.

పెద్దక్షరాలు. అన్నీ పెద్దక్షరాలే. చుక్క లేదు, కామా లేదు.

'మాస్టారు వచ్చారు ఇప్పుడే కూర్చున్నారు ఇద్దరం ఉన్నాం నువ్వు రాకు ఆ చెరువు నీళ్ళు తీయించెయ్ సుబ్బాయ్'

సుబ్బాయ్ అన్న పిలుపు వాళ్ళ పడగ్గది దాటి ఎవరికీ తెలియదు. ఆవిడ ఆ పిలుపు రెండోసారి చదివింది. మరుక్షణం కోపమొచ్చింది. ఇంత వేళాకోళం మాస్టారికి తగదు. "ఏంటండీ మాస్టారండీ ఇది?" అంటూ కర్టెన్ తోసుకుని వచ్చింది.

అతను నిటారుగానే కూర్చుని ఉన్నాడు. మోచేతులు పక్కలకి ఆనుకుని ఉన్నాయి. వేళ్ళు మీటల మీద, ఎక్కడివక్కడ. తెర మీద 'ఇప్పుడు కాదు.' అని ఉంది. చుక్క తర్వాత రెండు ఖాళీలు వదిలి, గీత వెలిగి ఆరుతోంది. పంపించే మీట ఎవరూ నొక్కలేదు.

"మాస్టారండీ," అంది ఆవిడ మెల్లిగా. పక్కన బల్ల మీద కూర్చుని, అతని చెయ్యి తీసుకుంది. చిటికెనవేలు ఇంకా కొంచెం వంగే ఉంది. బ్యాటరీ కూత ఆగి, రెండు తెరలూ ఆరిపోయేదాకా అలాగే కూర్చుని, అప్పుడు కింద కొట్టతన్ని కేకేసింది.

*

మర్నాడు పొద్దున్నే పెద్ద చెరువు తూము ఎత్తించారు. శ్రీనివాసరాజు ఎందుకని అడిగాడు. ఆయన చెప్పారంది సుబ్బాయమ్మ గారు. ఎప్పుడు చెప్పారని అతను అడగలేదు. పైకి రొయ్యలేమీ తేలలేదు, బురదలో ఏరేటరు రెక్క ఒకటి దొరికింది. అది విని వెంకటదుర్గ, "రాజుగారికి నీళ్ళలో పడ్డా పనే," అంది. పరామర్శకి వచ్చిన సుబ్బాయమ్మ గారు ఏడుపు మధ్యలో ఆ మాటకి నవ్వింది. ఇద్దరూ చాలాసేపు ఒకే చాప మీద కూర్చున్నారు. వచ్చిన ఉత్తరం సంగతి ఆవిడ చెప్పింది. వెంకటదుర్గ నమ్మానని గానీ, నమ్మలేదని గానీ అనలేదు. "కూర్చున్నారట, పోన్లెండి. నిలబెట్టలేదు," అంది.

పెద్దకార్యమయ్యాక గణేష్‌బాబు కంప్యూటర్లు అమ్మేద్దామన్నాడు. పేర్ల తాళాలు, ఆ పాస్‌వర్డులు, బావగారి బుర్రలోనే ఉండిపోయాయని, ఇక అవన్నీ ఒక్కొక్కటే గడువు తీరి పోతాయని చెప్పాడు. వెంకటదుర్గకి ఆ పేర్లన్నీ నోటికొచ్చు. కానీ నోటికొస్తే తలుపు తెరుచుకోదట.

గది ఊడ్చి ఇవ్వడానికి ఆవిడొక్కతే మెట్లెక్కి వెళ్ళింది. ఆయన పోయిన రోజు నుంచీ కరెంటు మెయిను కట్టేసే ఉంది. వైర్లన్నీ పీకి చుట్టలు చుట్టి పెట్టాడు గణేష్‌బాబు. కిటికీ రెక్క తీస్తే వెలుతురు వచ్చి భర్త బల్ల మీద పడింది. ఆ మధ్యాహ్నం వానలో తడిసి వెళ్ళినప్పుడు ఆరేసుకున్నట్టున్నాడు, మానిటరు వీపు మీద అతని గళ్ళ రుమాలు పరిచి ఉంది. ఎండి, ఆ వీపు వంపులోనే బిరుసెక్కిపోయింది. తీద్దామని చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అలాగే ఉంచేసింది. రుమాలు ఇంకా వెచ్చగా ఉంది.